భూతద్దం ఎంపిక: ఎన్ని రెట్లు, ఎంత దూరం, ఏ పనికి?

ఇంట్లో పెద్దవారికి పత్రిక చదవడం కష్టమవుతోందని భూతద్దం కొనాలనుకున్నప్పుడు ఎవరి చూపైనా ముందుగా పెట్టె మీది అంకె మీదికే పోతుంది. 3ఎక్స్, 10ఎక్స్, 30ఎక్స్ అని వరుసగా కనిపిస్తాయి. ధరల్లో పెద్ద తేడా ఉండదు కనుక ఎక్కువ అంకె ఉన్నదే మేలనిపిస్తుంది. అలా తెచ్చిన పది రెట్ల అద్దాన్ని పత్రిక మీద పెడితే ఒకటి రెండు పదాలకు మించి కనిపించవు. అద్దాన్ని కాస్త పైకి లేపితే అక్షరాలన్నీ అలుక్కుపోతాయి. కాసేపటికి తలనొప్పి మొదలవుతుంది. చివరికి పెద్దవారు తమ కళ్లే పూర్తిగా పాడయ్యాయనుకుని చదవడం మానేస్తారు. ఈ నష్టం చిన్నది కాదు. చదివే అలవాటున్న మనిషికి పత్రిక, పంచాంగం, మందుల చీటీ దూరమైతే రోజులో సగం ఖాళీ అయిపోతుంది. కళ్లలో ఇంకా మిగిలి ఉన్న చూపును తప్పుడు అద్దం కొని వృథా చేసుకోవడం బాధాకరం.

పనికి సరిపోయేంతలో అతి తక్కువ రెట్లున్న అద్దమే మంచి అద్దం. వినడానికి ఇది తలకిందులుగా తోచవచ్చు. ఎందుకో తెలియాలంటే దీని వెనక ఉన్న చిన్న లెక్క చూడాలి. భాగహారం వస్తే చాలు.

రెట్ల లెక్క

వస్తువును కంటికి దగ్గరగా తెచ్చేకొద్దీ అది పెద్దదిగా కనిపిస్తుంది. ఒక హద్దు దాటి దగ్గరికి తెస్తే మాత్రం కన్ను దాన్ని స్పష్టంగా పట్టుకోలేదు. లెక్కల కోసం కాంతిశాస్త్రంలో ఆ హద్దును 25 సెంటీమీటర్లుగా ఖాయం చేసుకున్నారు. నలభై దాటాక ఈ హద్దు క్రమంగా వెనక్కి జరుగుతుంది, అదే చత్వారం. భూతద్దంలోని కుంభాకార కటకం చేసే పనల్లా వస్తువును ఆ హద్దు కన్నా బాగా దగ్గరికి తెచ్చినా కంటికి స్పష్టంగా ఆనేలా చేయడం. ఎంత దగ్గరికి తేవచ్చన్నది కటకం నాభ్యంతరాన్ని బట్టి ఉంటుంది. ఎండను ఒకే బిందువు మీద కేంద్రీకరించినప్పుడు కటకానికీ ఆ బిందువుకీ మధ్య ఉండే దూరమే నాభ్యంతరం. 25ను నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేది రెట్ల సంఖ్య. నాభ్యంతరం 10 సెంటీమీటర్లయితే రెండున్నర రెట్లు, 5 అయితే ఐదు రెట్లు, రెండున్నర అయితే పది రెట్లు.

కళ్లజోళ్ల దుకాణంలో పవర్ అని చెప్పే డయాప్టర్ కూడా ఇదే లెక్కకు మరో రూపం. నూరును సెంటీమీటర్లలో ఉన్న నాభ్యంతరంతో భాగిస్తే డయాప్టర్లు వస్తాయి. డయాప్టర్లను నాలుగుతో భాగిస్తే రెట్లు వస్తాయి. 8 డయాప్టర్ల అద్దం రెండు రెట్లు, 20 డయాప్టర్లది ఐదు రెట్లు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. రెట్లను లెక్కగట్టడానికి ఇంకో పద్ధతి కూడా ఉంది. అద్దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, ప్రతిబింబం సరిగ్గా 25 సెంటీమీటర్ల దూరంలో ఏర్పడేలా చూస్తే పై సంఖ్యకు మరో ఒకటి కలుస్తుంది. అది తప్పు లెక్కేమీ కాదు. కానీ పత్రిక చదివేవారు ఎవరూ చేతి అద్దాన్ని అలా పట్టుకోరు. తయారీదారుల్లో కొందరు మొదటి లెక్క వాడతారు, కొందరు రెండోది వాడతారు. అందువల్ల ఒకే 8 డయాప్టర్ల కటకం ఒక పెట్టెలో రెండు రెట్లుగా, పక్క పెట్టెలో మూడు రెట్లుగా అమ్ముడుపోతుంది. పది రెట్ల అద్దాల దగ్గర ఈ తేడా పెద్దగా తెలియదు. చదవడానికి వాడే తక్కువ రెట్ల అద్దాల దగ్గర మాత్రం అది కొనేవారిని నిలువునా తప్పుదారి పట్టిస్తుంది. 4 డయాప్టర్ల అద్దానికి మొదటి లెక్కలో వచ్చేది ఒక్క రెట్టే, రెండో లెక్కలో అదే రెండు రెట్లవుతుంది. పెట్టె మీద డయాప్టర్లు కూడా ముద్రించి ఉంటే దాన్నే నమ్మాలి, రెట్ల అంకెను పట్టించుకోనక్కర్లేదు.

ఇక అరచేతి వెడల్పు అద్దాన్ని 10ఎక్స్ అనీ 30ఎక్స్ అనీ అమ్మడం సంగతి. ఇది లెక్కల పద్ధతిలో తేడా కాదు, పచ్చి అబద్ధం. మామూలు గాజుతో రెండు వైపులా సమానంగా ఉబ్బి ఉండేలా చేసిన కటకానికి నాభ్యంతరం దాదాపు దాని వంపు వ్యాసార్ధానికి సమానంగా ఉంటుంది. పది రెట్లు కావాలంటే ఆ వ్యాసార్ధం రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి, అంటే 5 సెంటీమీటర్ల వ్యాసమున్న గోళంలోంచి కోసిన తునక అన్నమాట. అలాంటి గోళంలోంచి 9 సెంటీమీటర్ల వెడల్పున్న అద్దాన్ని కోయడం ఎవరివల్లా కాదు. ఐదు దగ్గరికి వచ్చేసరికే అది పూర్తి గోళీ అయి కూర్చుంటుంది. అసలైన పది రెట్ల అద్దాలు వేలి గోరు కన్నా కాస్త పెద్దగా, సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పుతో ఉండటానికి కారణం ఇదే. వెడల్పాటి అద్దం, ఎక్కువ రెట్లు రెండూ ఒకేచోట దొరకవు. పెట్టె మీద ఆ రెండూ కలిపి రాసి ఉంటే ఆ సరుకును పక్కన పెట్టడమే మంచిది.

దూరం సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. వస్తువు దాదాపు నాభ్యంతరమంత దూరంలో ఉండాలి. రెండున్నర రెట్ల అద్దమైతే కాగితానికీ అద్దానికీ మధ్య 10 సెంటీమీటర్ల చోటు ఉంటుంది. కింద చేయి కదులుతుంది, వెలుతురు పడుతుంది, సంతకం కూడా పెట్టవచ్చు. పది రెట్లయితే ఆ చోటు ఒక్క అంగుళానికి తగ్గుతుంది. అద్దం నీడ, తల నీడ రెండూ కాగితం మీదే పడతాయి. చేయి ఒక్క మిల్లీమీటరు కదిలినా చూపు చెదిరిపోతుంది.

చదవడానికి

అసలు భూతద్దం కావాలా అన్నది ముందు తేలాలి. చత్వారం ఒక్కటే ఇబ్బంది అయితే సరైన కళ్లజోడు దాన్ని తీరుస్తుంది. కళ్లజోడుతో పేజీ మొత్తం కనిపిస్తుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, రెండు కళ్లూ కలిసి పనిచేస్తాయి. ఈ మూడింటిలో దేన్నీ చేతి భూతద్దం పూర్తిగా ఇవ్వలేదు. తెలంగాణలో 2018 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కంటి వెలుగు పేరుతో మొదలైన కార్యక్రమాల్లో పెద్ద ఎత్తున కళ్లజోళ్లు పంచింది ఈ అవసరం కోసమే. పాత కళ్లజోడు పవర్ మారిపోయినా, శుక్లం ముదిరినా అక్షరాలు మసకగానే కనిపిస్తాయి. మసకను భూతద్దం పెద్దది చేస్తుందే తప్ప పోగొట్టలేదు. గీతలు వంకరగా కనిపించడం, చూపు మధ్యలో మచ్చ రావడం, ఉన్నట్టుండి చూపు తగ్గడం లాంటివి ఉంటే భూతద్దం కోసం తిరుగుతూ కాలం గడపకూడదు. అది రెటీనా జబ్బు కావచ్చు, కంటి వైద్యుని దగ్గరికి వెంటనే వెళ్లాలి.

కళ్లజోడు సరిగ్గా ఉన్నా చిన్న అక్షరాలు అందకపోతే అప్పుడు భూతద్దం. ఎన్ని రెట్లు కావాలో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చదివే కళ్లజోడు పెట్టుకుని, ఫోనులో ఒక తెలుగు వార్త తెరిచి, పత్రిక పట్టుకునే దూరంలోనే పట్టుకోవాలి. అక్షరాలను క్రమంగా పెంచుకుంటూ, ఏ పరిమాణం దగ్గర ఇబ్బంది లేకుండా నాలుగైదు వాక్యాలు గడగడా చదవగలుగుతున్నారో అక్కడ ఆపాలి. ఆ అక్షరం ఎత్తును స్కేలుతో కొలిచి, పత్రికలోని అక్షరం ఎత్తుతో భాగిస్తే వచ్చేదే కావలసిన రెట్లు. కష్టపడి కూడబలుక్కుంటూ చదవగలిగిన పరిమాణాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అలా కొన్న అద్దం ఒక్కొక్క పదం చూడటానికి సరిపోతుంది గాని పేజీ చదవడానికి సరిపోదు. కంటి వైద్యులకు ఇంతకన్నా సూటి సూత్రం ఒకటి ఉంది. దూరపు చూపు కొలతను తిరగేస్తే మామూలు అచ్చు చదవడానికి కావలసిన డయాప్టర్లకు తొలి అంచనా దొరుకుతుంది. చూపు 6/60 అయితే, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూడగలిగేదాన్ని 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని చూడలేకపోతే, 60ని 6తో భాగించగా 10 డయాప్టర్లు, అంటే రెండున్నర రెట్లు. అది ఆరంభం మాత్రమే, హాయిగా చదవడానికి ఇంకొంత ఎక్కువే పట్టవచ్చు.

ఇక్కడ తెలుగు లిపి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దుకాణాల్లో అద్దాన్ని ఇంగ్లిష్ అచ్చు మీద పెట్టి చూపిస్తారు. ఆ పరీక్షలో నెగ్గిన అద్దం తెలుగు అచ్చు దగ్గర తడబడవచ్చు. ప–ఫ, ద–ధ, చ–ఛ జంటల్లో తేడా అంతా ఒక చిన్న గీతలో ఉంటుంది. ప, వ, ష ఆకారాలు మసకలో ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. పొల్లు, దీర్ఘం, కొమ్ము లాంటివి అక్షరంలో నాలుగో వంతు కూడా ఉండవు. అక్షరం మొత్తం ఆకారం కనిపించడం తెలుగుకు చాలదు, దానికి అంటిపెట్టుకున్న గుర్తులు కూడా విడివిడిగా కనబడాలి. పైగా ఒత్తులు అక్షరం కిందికి దిగుతాయి కాబట్టి తెలుగు వరుస ఎక్కువ ఎత్తు ఆక్రమిస్తుంది. వరుస మీద పెట్టి జరుపుకునే కడ్డీ లాంటి అద్దాలు కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం. అక్షరం నడుమ భాగం అద్దంలో ఉండి ఒత్తు బయటికి జారిపోతే ప్రతి సంయుక్తాక్షరాన్నీ ఊహించుకోవాల్సి వస్తుంది. ఈ కడ్డీ అద్దాలు అక్షరాన్ని నిలువుగా మాత్రమే సాగదీస్తాయి, వెడల్పు పెంచవు. వరుస తప్పకుండా చదవడానికి బాగుంటాయి, చూపు బాగా తగ్గినవారికి చాలవు. ఏ అద్దమైనా తెలుగు పత్రికలోని చిన్న ప్రకటనలు, పంచాంగంలోని తిథి వర్జ్యాల వరుసలు, రోజూ వేసుకునే మందుల అట్టలు వెంట తీసుకెళ్లి వాటి మీదే పరీక్షించాలి.

చేతి అద్దాన్ని పట్టుకునే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. ముందు అద్దాన్ని కాగితానికి ఆనించి, మెల్లగా పైకి లేపుతూ పోవాలి. అక్షరాలు పెరుగుతూ పెరుగుతూ, మసకబారడానికి ఒక్క క్షణం ముందు ఉండే ఎత్తే సరైన చోటు. ఆ తర్వాత తలను అద్దానికి దగ్గరగా తీసుకురావాలి. కన్ను దగ్గరయ్యేకొద్దీ అదే అద్దంలోంచి ఎక్కువ పదాలు కనిపిస్తాయి. చాలామంది కుర్చీలో వెనక్కి వాలి, చేయి చాచి అద్దం పట్టుకుని, మూడు పదాలే కనిపిస్తున్నాయని విసుక్కుంటారు. అద్దం మార్చకుండా తల ముందుకు తెస్తే ఆ మూడు ఆరవుతాయి. మెడ వంచి చదవలేనివారికి పాతకాలపు వ్యాసపీఠం బాగా ఉపయోగపడుతుంది. పుస్తకమే ఏటవాలుగా పైకి లేచి కంటికి ఎదురుగా వస్తుంది.

కళ్లజోడు విషయంలోనూ ఒక చిక్కుంది, దుకాణదారులు దాన్ని దాదాపు ఎప్పుడూ చెప్పరు. చేతి అద్దాన్ని సరిగ్గా నాభ్యంతరం ఎత్తులో పట్టుకుంటే కాంతి కిరణాలు దూరపు వస్తువు నుంచి వచ్చినట్టే కంటికి చేరతాయి. అప్పుడు దూరపు చూపు కళ్లజోడుతోగాని, రెండు భాగాల కళ్లజోడులో పైభాగం నుంచిగాని చూడాలి. కాళ్లున్న అద్దాలను, అంటే కాగితం మీద నిలబెట్టి జరుపుకునే వాటిని, నాభ్యంతరం కన్నా కాస్త తక్కువ ఎత్తులో బిగిస్తారు. వాటిలో ప్రతిబింబం దగ్గరలోనే ఏర్పడుతుంది, అందుకని చదివే కళ్లజోడు పెట్టుకునే చూడాలి. ఈ ఒక్క సంగతి తారుమారైతే ఎంత ఖరీదైన అద్దమైనా మసకగానే తోస్తుంది.

చేయి వణికేవారికి కాళ్లున్న అద్దమే సరైనది. ఎత్తు ముందే ఖాయమై ఉంటుంది కనుక దాన్ని కాగితం మీద జరుపుకుంటూ పోతే చాలు. దీపం అమర్చినవి ఇంకా మేలు. ఇదే కోవకు చెందినది గోపురం ఆకారంలో ఉండే బరువైన అద్దం. అడుగు చదునుగా, పైభాగం అర్ధగోళంగా ఉంటుంది. పెంచేది సుమారు రెండు రెట్లే అయినా, చుట్టూ ఉన్న వెలుతురును కిందికి పోగుచేసి అక్షరాల మీద పరుస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, పట్టుకునే శ్రమ లేదు, దూరం సరిచూసుకునే పని లేదు. చదివే రాళ్లంటూ ఐరోపాలోని మధ్యయుగపు క్రైస్తవ మఠాల్లో వాడినవి ఇలాంటివే. పదమూడో శతాబ్దంలో రోజర్ బేకన్ వృద్ధులకూ చూపు తగ్గినవారికీ గోళపు తునక లాంటి గాజు మేలు చేస్తుందని రాసిపెట్టాడు. కొద్దిపాటి చూపు తగ్గుదల ఉన్న పెద్దవారికి మొదటి భూతద్దంగా దీన్నే ఎంచుకోవడం ఉత్తమం.

వెలుతురుకు ఇవ్వాల్సినంత ప్రాధాన్యం మన ఇళ్లలో ఇవ్వరు. గది మధ్యలో ఉన్న ఒక్క ట్యూబులైటు కింద, దానికి వీపు పెట్టి కూర్చుని, తన నీడలోనే చదివే పెద్దవారు ఎందరో. ఒక టేబుల్ లైటు తెచ్చి, వెలుగు కంట్లో పడకుండా పక్క నుంచి కాగితం మీద పడేలా పెడితే కొన్నిసార్లు భూతద్దం అవసరమే తగ్గిపోతుంది. అద్దంలోనే దీపం ఉన్నవాటిని నున్నటి కాగితం మీద పెట్టి చూసుకోవాలి. తళతళ మెరుపు తిరిగి కంట్లో కొడితే అవి చదవడానికి పనికిరావు.

పర్సులో పెట్టుకునే పల్చటి ప్లాస్టిక్ కార్డు అద్దాలు ఫ్రెనెల్ కటకాలు. 1820లలో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెనెల్ లైట్‌హౌసుల కోసం రూపొందించిన పద్ధతి అది. మందుల షాపు దగ్గర గడువు తేదీ చూసుకోవడానికి సరిపోతాయి. వాటి మీద వలయాలుగా చెక్కిన సన్నటి గాడుల వల్ల నలుపు తెలుపుల తేడా వెలిసిపోయినట్టు ఉంటుంది కనుక అంతకు మించి ఆశించకూడదు.

గ్లకోమా వల్లనో మరో కారణంతోనో చూపు చుట్టూ కుంచించుకుపోయి, మధ్యలో కొద్దిపాటి కిటికీ మాత్రమే మిగిలినవారికి పెద్ద అక్షరాలు మేలు చేయకపోగా కీడే చేయవచ్చు. ఆ కిటికీలో అంతకుముందు ఐదు అక్షరాలు పడితే, రెండు రెట్లు చేశాక రెండున్నరే పడతాయి. మాక్యులా (రెటీనా నడిమి భాగం) క్షీణత, మధుమేహ రెటీనా జబ్బు ఉన్నవారి అవసరం దీనికి పూర్తిగా వేరు. ఇలాంటివారు దుకాణంలో ఊహతో కొనడం కన్నా, తక్కువ చూపు ఉన్నవారికోసం ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లడం మంచిది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి చోట్ల ఈ పని కోసమే శిక్షణ పొందినవారు ఉంటారు. రకరకాల అద్దాలు చేతికిచ్చి చదివించి, ఏది నప్పుతుందో తేలుస్తారు. ఇలాంటి సేవ ఉందన్న సంగతే చాలా కుటుంబాలకు తెలియదు. ఇక చేయగలిగిందేమీ లేదని ఎవరో అన్న మాట విని ఏళ్ల తరబడి ఊరుకుంటారు.

స్మార్ట్‌ఫోను కెమెరాను భూతద్దంగా వాడటం ఇప్పుడు తేలిక. అద్దంతో ఎప్పటికీ వీలుకాని ఒక పని ఫోను చేస్తుంది: నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలుగా మార్చి చూపిస్తుంది. వెలుగు భరించలేని కళ్లకు అది పెద్ద ఊరట. బస్సు టైం పట్టిక, గోడ మీది నోటీసు ఫొటో తీసి పెంచుకోవచ్చు. పుస్తకం మొత్తం ఫోనును జరుపుతూ చదవడం మాత్రం చేతికీ కంటికీ శ్రమే.

దగ్గరగా పరిశీలించడానికి

చదువు సంగతి వదిలి వస్తువును పరిశీలించే పనికి వస్తే లెక్క తిరగబడుతుంది. ఇక్కడ చూడాల్సింది ఒక చిన్న చోటు, కాసేపు మాత్రమే. అందుకు పది రెట్ల లూప్, అంటే కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం, సరైనది. బంగారు నగ మీది ముద్రనే తీసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్క్ నగల మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛతను తెలిపే 22కె916 లాంటి అంకెలు, వాటితో పాటు అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే చెందిన గుర్తింపు సంఖ్య, తప్పనిసరి. చెవి కమ్మ వెనక లేజరుతో చెక్కిన ఆ ఆరింటిని మామూలు కంటితో చదవడం దాదాపు అసాధ్యం. హాల్‌మార్క్ నగలు అమ్మే దుకాణంలో పది రెట్ల భూతద్దం అందుబాటులో ఉంచాలన్నది నిబంధన. మొహమాటపడకుండా అడిగి తీసుకుని, ఆ ఆరు స్థానాలూ చదివి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవాలి. పెళ్లికోసం లక్షలు పోసి కొనేటప్పుడు ఈ రెండు నిమిషాలు ఎవరూ వదులుకోకూడదు.

పది రెట్ల దగ్గర కటకం నాణ్యత ముఖ్యమవుతుంది. ఒకే గాజుతో చేసిన కటకంలో నడుమ భాగం స్పష్టంగా ఉండి అంచులు వంగిపోతాయి, గీతల చుట్టూ ఎరుపు నీలం అంచులు పుడతాయి. రంగులు కటకంలో ఒక్కొక్కటి ఒక్కో తీరున వంగడం వల్ల వచ్చే దోషమిది. మూడు గాజు ముక్కలను ఒకటిగా అతికించి చేసే ట్రిప్లెట్ కటకం ఈ రెండు దోషాలనూ చాలావరకు సరిదిద్దుతుంది. వజ్రాల నాణ్యతను నిర్ణయించేవారు పది రెట్ల ట్రిప్లెట్‌నే ప్రమాణంగా పెట్టుకున్నారు. వజ్రపు స్వచ్ఛత శ్రేణులన్నీ పది రెట్లలో ఏం కనిపిస్తుందన్న దాని మీదే నడుస్తాయి. రాళ్ల రంగు చూసేవారికి నల్లటి చట్రం ఉన్న లూప్ మంచిది. పసుపు లోహపు చట్రమైతే దాని ఛాయ రాయి మీద పడుతుంది.

లూప్‌ను చదివే అద్దంలా దూరంగా పట్టుకోకూడదు. కంటికి దాదాపు ఆనించి, వస్తువునే దాని దగ్గరికి తేవాలి. పట్టుకున్న చేయి చెంపకు, వస్తువున్న చేయి మొదటి చేతికి ఆనితే వణుకు ఆగిపోతుంది. రెండో కన్ను మూయనక్కర్లేదు, తెరిచి ఉంచితే అలసట తగ్గుతుంది. చెక్కిన ముద్రలు, మందుల అట్టల మీద అచ్చొత్తిన రంగులేని తేదీలు ఎదురు వెలుగులో కనిపించవు. దీపాన్ని పక్కకు దించి ఏటవాలుగా వేస్తే గాడిలో నీడ పడి అంకె లేచి కనిపిస్తుంది.

మిరప రైతుకు ఇదే లూప్ పొలంలో చేసే మేలు ఇంకా పెద్దది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని అనుభవంతో పోలుస్తారు. రెండూ కలిసి వచ్చినప్పుడు, తెగులు తొలి రోజుల్లో ఉన్నప్పుడు ఆ గుర్తు చాలదు. తామర పురుగు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది, నల్లి అందులో ఐదో వంతు. పది రెట్లలో మొదటిది సెంటీమీటరంత, రెండోది రెండు మిల్లీమీటర్లంత కనిపిస్తాయి. నల్లికి కొట్టే మందు వేరు, తామర పురుగుకు కొట్టేది వేరు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల్ని ముంచెత్తినప్పుడు అది ఎక్కువగా పూలలో చేరింది. పువ్వు తెంపి తెల్లకాగితం మీద దులిపి లూప్‌తో చూస్తే చేనులో ఏముందో రైతుకే తెలుస్తుంది. ఒక్కసారి కొట్టే మందు ఖర్చులో ఏ కొంచెమో పెడితే లూప్ వస్తుంది. ప్రతి మిరప రైతు జేబులోనూ అది ఉండాలి.

నేత పనివారికి, బట్టల వ్యాపారులకు కావలసింది వేరే రకం. మడతపెట్టే చిన్న చట్రం, అడుగున అంగుళం చదరపు కిటికీ, అంచున కొలత గీతలు, పైన కటకం. బట్ట మీద నిలబెట్టి అంగుళానికి పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని అని లెక్కపెడతారు. వెంకటగిరి చీర నూరో కౌంటు నూలని చెబితే అది నూలు సన్నదనం గురించిన మాట, అంగుళంలో ఎన్ని పోగులున్నాయన్నది వేరే కొలత. అద్దం చూపేది ఈ రెండో కొలతను.

దుకాణంలో చేయదగిన పరీక్ష

అద్దాన్ని గోడకు ఎదురుగా పట్టుకుని, దూరంగా ఉన్న కిటికీ లేదా వాకిలి బొమ్మ గోడ మీద తలకిందులుగా, స్పష్టంగా పడేదాకా ముందుకూ వెనక్కీ జరపాలి. గోడకూ అద్దానికీ మధ్య దూరమే నాభ్యంతరం. అది 12 సెంటీమీటర్లుంటే, పెట్టె మీద 10ఎక్స్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, అది దాదాపు రెండు రెట్ల అద్దమే. తర్వాత గళ్ల కాగితం మీద పెట్టి అంచుల దగ్గర గీతలు ఎంత వంగుతున్నాయో చూడాలి. ఆస్ఫెరిక్, అంటే గోళాకారం కాని వంపుతో మలిచినవి, అని రాసిన అద్దాల్లో ఈ వంపు తక్కువగా ఉండాలి. పరీక్షకు జేబులోని రెండు వందల నోటు కూడా చాలు. వెనకవైపు భాషల పట్టికలో కింది నుంచి రెండో వరుస తెలుగు, చదివే అద్దంతో అది తేలికగా అందాలి. ముందువైపు సూక్ష్మాక్షరాల్లో ఆర్‌బీఐ, ఇండియా అన్న మాటలున్నాయి, పది రెట్ల లూప్‌లో వాటి అంచులు రంగు చిమ్మకుండా కనబడాలి.

గాజా, అక్రిలిక్కా అన్నదానికి జవాబు వాడేవారి చేతిలో ఉంది. అక్రిలిక్ బరువు గాజులో సగం కన్నా తక్కువ. కిందపడినా గుచ్చుకునే పెంకులు కావు. అరగంట సేపు పట్టుకునే పెద్దవారికి అదే నయం. కానీ పంచె కొంగుతోనో చీర చెంగుతోనో తుడిస్తే సన్నటి గీతలు పడి ఏడాదిలో మసకబారుతుంది. నీళ్లతో కడిగి మెత్తటి తడిబట్టతో అద్దాలి. స్పిరిట్, శానిటైజర్ తగిలితే అక్రిలిక్ లోపల పగుళ్లు పుడతాయి. గాజుకు గీతల భయం తక్కువ, బరువు, పగిలే ప్రమాదం ఎక్కువ. ఏ రకమైనా వాడనప్పుడు సంచిలో పెట్టాలి, ముఖ్యంగా ఎండ పడే కిటికీ దగ్గరో కారు అద్దం ముందో వదిలేయకూడదు. కాగితాల కుప్ప దగ్గర మరిచిపోయిన గోపురపు అద్దం కూడా మధ్యాహ్నపు ఎండలో నిప్పు రాజేయగలదు.